వాన పద్దు

బడ్జెట్ రాసింది నేనే, తప్పు చేసిందీ నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతా కథ చెప్పడం నాకు తేలిక.

మాది అనంతపురం పాతూరులో కిరాణా అంగడి. మా నాయన గోపాలయ్య నలభై ఏళ్ళుగా ఒకే గల్లాపెట్టె ముందు కూర్చుంటున్నాడు. నేను బీకాం అయ్యాక అంగడి లెక్కలు చూస్తూనే, శ్రీకాంత్ తీసే చిన్న సినిమాలకు మేనేజరు పని చేస్తున్నాను. శ్రీకాంత్ నాతో పాటు కాలేజీలో చదివాడు, ఊరు శింగనమల దగ్గర. కథ చెప్పమంటే కళ్ళకు కట్టిస్తాడు. కాఫీకి ఎంతయిందని అడిగితే జేబులు తడుముకుంటాడు. అందుకే నేను అవసరమయ్యాను.

పోయిన ఏడాది చివర మస్కట్‌లో ఉన్న మనవాళ్ళ సంఘం ఒకటి అతనికి ఒక పని అప్పగించింది. ఎడారిలో మేకలు కాసే మన సీమ మనిషి మీద పదిహేను నిమిషాల సినిమా తీయాలి. మే నెలాఖరులోగా చేతికిస్తే ఆరు లక్షలు. అడ్వాన్సు లేదు. గడువు దాటితే పైసా రాదు, ఎందుకంటే వాళ్ళ వార్షికోత్సవం జూన్ మొదటి వారంలో. అది అయిపోయాక ఆ సినిమాతో వాళ్ళకు పని లేదు.

పెట్టుబడి పెట్టింది శ్రీకాంత్ వాళ్ళ నాయన నారాయణ. నేను చిన్నాయనా అని పిలుస్తాను, మా అంగడికి పాత ఖాతాదారు. ఆయన మూడెకరాల చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, ఉన్న ఒక్క బోరూ అడుగంటింది. కొత్త బోరు కోసం నాలుగు లక్షల ఇరవై వేలు దాచుకున్నాడు. బోరులో నీళ్ళు పడితే మోటారుకూ పైపులకూ మళ్ళీ డబ్బు కావాలి. ఆరు లక్షలొస్తే రెండూ అయిపోతాయని ఆయన ఆశ. డబ్బు కొడుకు చేతిలో పెట్టి, మాట మాత్రం నాతో చెప్పాడు.

"జూన్ దాకా ట్యాంకర్లు కొని నెట్టుకొస్తా పాపా. ఆ మీదట చెట్లు నిలబడవు. నువ్వు లెక్క చూస్తావని ఇస్తాండా, వీణ్ణి చూసి కాదు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. పొగిడితే పొంగిపోవడం, ఎదురు చెబితే విరుచుకుపడడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నవే.

మా అంగట్లో ఏ సరుకుకైనా తరుగు తీస్తాం. చింతపండు ఆరిపోతుంది, బెల్లం కారిపోతుంది, చెనిక్కాయల మూటలో మట్టి ఉంటుంది. సినిమాకూ అదే పద్ధతి పెట్టాను. విమానం టిక్కెట్లు, వీసాలు, జీపు, గదులు, కెమెరా బాడిగ, ప్రతి పద్దు పక్కనా తరుగు వేశాను. హోటలు తిండి దండగని రాగిపిండి, చెనిక్కాయల పొడి, కరెంటు కుక్కరు పెట్టెలో సర్దాను. పోయేది నలుగురమే. శ్రీకాంత్, కెమెరా పట్టే కిరణ్, నటించే ఈరన్న, నేను. మాటలు రికార్డు చేసే మైకు కర్ర పట్టుకోవడానికి వేరే మనిషెందుకని అదీ నేనే పట్టుకుంటానన్నాను.

ఈరన్నది మడకశిర దగ్గర పల్లె, గొర్రెల కాపరి. పదకొండేళ్ళ కిందట గల్ఫ్‌లో రెండేళ్ళు మేకలు కాసి వచ్చాడు. మళ్ళీ పోదామనే ఆశతో పాస్‌పోర్టు చెల్లిపోకుండా చూసుకుంటున్నాడు. నటన వస్తుందా అని శ్రీకాంత్ అడిగితే, పాస్‌పోర్టు ఉందా అని నేనడిగాను. మేం పోయి వచ్చే వారం రోజులూ అతని గొర్రెలు కాసే మనిషికి కూలి కూడా బడ్జెట్‌లో రాశాను. ఇంత జాగ్రత్త ఎవరు పడతారు చెప్పండి.

శ్రీకాంత్ ఎక్కడినుంచో బెంగళూరు వాళ్ళ బడ్జెట్ కాగితం ఒకటి నమూనాగా తెచ్చాడు. అందులో ‘వాన పడితే అదనపు రోజులు’ అని ఒక పద్దు ఉంది. దానికి మొత్తం ఖర్చులో పదోవంతు కేటాయించారు. నేను పైకి చదివితే ముందు కిరణ్ నవ్వాడు, తరువాత అందరమూ నవ్వాం. వానకని డబ్బు తీసిపెట్టిన మనిషిని తన వంశంలోనే చూడలేదన్నాడు శ్రీకాంత్. మా పక్క వాన కోసం కప్పలకు పెళ్ళి చేస్తాం, గుళ్ళో భజన పెట్టిస్తాం. వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ ఆలోచించరు. పైగా మేం పోయేది ఎడారికి. ఎర్ర పెన్నుతో ఆ పద్దు కొట్టేసి పక్కన సున్నా పెట్టాను.

మా నాయన కళ్ళద్దాలు సర్దుకుని కాగితమంతా చదివాడు. ఇసుక కోసరం విమానమెక్కల్లా అని అడిగాడు. "ఇసుకే కావల్లంటే..." అని ఇంకేదో చెప్పబోయాడు.

"నీకు సినిమా సంగతి తెలీదులే నాయనా" అన్నాను.

ఆయన మాట మింగేసి గిరాకీ వైపు తిరిగిపోయాడు.

ఏప్రిల్ మధ్యలో మస్కట్ పోయాం. నాలుగు రోజుల షూటింగు. ఎడారి అంచున ఉన్న చిన్న ఊళ్ళో దిగాం. మొదటి రోజు మేకల దొడ్డి దగ్గర తీయాల్సినవన్నీ తీసేశాం. ఈరన్నకు నటించమని చెప్పే పనే లేకపోయింది. దొడ్డి తలుపు తీసి, పాత అలవాటు కొద్దీ నాలుక మడిచి ఒక అరుపు అరిచాడు. ఆ దేశం మేకలు కూడా తలెత్తి చూశాయి. ఆ సాయంత్రానికి బడ్జెట్‌లో రెండు వేలు మిగిలింది. నా అంతటి మేనేజరు లేదనుకున్నాను.

మిగతా మూడు రోజులూ ఇసుక దిబ్బల మీద తీయాలి. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ కాపరి ఎండలో నడుస్తూ పోవడమే సినిమాలో సగం. రాత్రి ఫోన్‌లో మబ్బు బొమ్మ కనిపించింది. కిరణ్ చూపిస్తే నేనే కొట్టిపారేశాను. మా ఊళ్ళో ఆ మబ్బు బొమ్మ ఏడాదికి యాభైసార్లు వస్తుంది, వాన నాలుగుసార్లు పడితే గొప్ప. ఫోన్ మాట నమ్మి మా జిల్లాలో విత్తనం వేసినవాడు ఎవడైనా బాగుపడ్డాడా?

రెండో రోజు పొద్దున్నే మొదలైంది వాన. చినుకులు కాదు, ఆకాశం బొక్కపడినట్టు కురిసింది. దిబ్బలకు పోయే దారికి అడ్డంగా ఎండిన వాగొకటి ఉంది. పదింటికల్లా అందులో ఎర్ర నీళ్ళు పరుగులు తీస్తున్నాయి. జీపు డ్రైవరు దూరం నుంచే చూసి బండి వెనక్కు తిప్పాడు. ఈ నీళ్ళు రెండు మూడు రోజుల దాకా దాటనివ్వవని చెప్పాడు. బాడిగ మాత్రం రోజుదిరోజు ఇవ్వాల్సిందే.

గది అరుగు మీద కూర్చుని లెక్క వేశాను. ఎడిటింగుకు తీసిపెట్టింది పోను చేతిలో మిగిలేది పదమూడు వేలు. ఇంకో రెండు రోజులు ఉండాలంటే టిక్కెట్లు మార్చుకోవాలి, జీపుకూ గదులకూ మళ్ళీ కట్టాలి, తక్కువలో తక్కువ లక్షన్నర. బెంగళూరు కాగితంలో చెప్పినట్టు పదోవంతు పక్కన పెట్టి ఉంటే నలభై రెండు వేలైనా చేతిలో ఉండేవి. ఒక్క రోజైనా ఆగి చూసేవాళ్ళం. నారాయణ చిన్నాయన తోట కళ్ళ ముందుకొచ్చింది. ఆ చెట్లకు పన్నెండేళ్ళు. ఒక్కొక్కదానికి పాదు చేసి బిందెలతో నీళ్ళు పోసి పెంచాడు. నేను పెట్టిన ఒక్క సున్నాకు అవన్నీ కట్టెలవుతాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తున్నానని కోపమొచ్చి శ్రీకాంత్‌ను తిట్టాను. అతను పక్కనే కూర్చుని అంతా విన్నాడు. తిట్టించుకోవడం కూడా డైరెక్టరు పనే అనుకున్నాడేమో.

మధ్యాహ్నం ఈరన్న నా దగ్గరికొచ్చి ఒక ఫోన్ చేసుకుంటానన్నాడు. అక్కడి నుంచి ఇంటికి మాట్లాడాలంటే నా ఫోన్ ఒక్కదానికే సౌకర్యం, నిమిషానికింత అని డబ్బు. ఇంటికి ఫోన్లు వద్దని అందరికీ ముందే చెప్పాను. దేనికని అడిగాను.

"మా ఇంటామె చెన్నమ్మకు వాన చూపించల్ల హరితమ్మా. చూపించేకి కాకపోయినా వినిపిస్తా."

ఈ మనిషికి వాన ముచ్చటగా ఉందా అని మండిపోయింది. అయినా ఫోన్ ఇచ్చి, రెండు నిమిషాలే అన్నాను. ఈరన్న ఎప్పుడూ స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు. కంబళి తలమీద ముసుగులా కొప్పెర వేసుకుని మేకల దొడ్డి దగ్గరికి పోయి నిలబడ్డాడు. కిరణ్ నా పెట్టెలోని రాగిపిండి కవరు ఖాళీ చేసి కెమెరాకు తొడిగి అతని వెనకాలే పోయాడు. నేను గొడుగు ఒక చేత్తో పట్టుకుని, ఎందుకో తెలియదు, అలవాటు కొద్దీ మైకు కర్ర చాపాను.

"వినపడతాందా? ఈడ వాన" అన్నాడు ఈరన్న ఫోన్‌ను వానలోకి చాచి.

  అవతల నుంచి చెన్నమ్మ గొంతు నిదానంగా వచ్చింది.

"మన వాన దోవ తప్పి ఆడికొచ్చినట్లుండాది. ఈ పక్కకు తోలుకోని రా."

"మేకలే నా మాట వినవు, వాన వింటాదా?"

"నువ్వు తోలితే వస్తాదిలే. ముందర నిలబడకు, ఎనక నుంచి తోలు."

ఈరన్న నవ్వుతున్నాడు. మొహం మీద వాన ఉంది, ఇంకేమైనా ఉందో లేదో నాకు తెలియదు. ఆ తరువాత గొర్రెల సంగతి, ఈనబోయే గొర్రె సంగతి, కూలిమనిషి సరిగా కాస్తున్నాడా లేదా అనేది మాట్లాడుకున్నారు. మొత్తం తొమ్మిది నిమిషాలు. నేను ఆపలేదు. మైకు దించబుద్ధి కాలేదు.

కిరణ్ కెమెరా ఆపి శ్రీకాంత్ వైపు చూశాడు. రాసుకొచ్చిన ముగింపు చించేస్తానన్నాడు శ్రీకాంత్, ఇంతకంటే మంచి ముగింపు తన చేత కాదని. అది నాకూ తెలుసు. కానీ ముగింపు ఒక్కటే ఉంటే సినిమా కాదు. ఎండలో, ఇసుకలో నడిచిన మనిషికి కదా వాన వాన అవుతుంది. ఆ నడక మా దగ్గర లేదు.

నాలుగో రోజు కూడా వాగు తగ్గలేదు. ఉన్న టిక్కెట్లతో వెనక్కు వచ్చేశాం.  నారాయణ చిన్నాయనకు ఏమని చెప్పాలో శ్రీకాంత్‌కు తెలియదు, నాకసలే తెలియదు.

ఇంటికి రాగానే అంగట్లోకి పోయి మూల స్టూలు మీద కూర్చున్నాను. మా నాయన తిన్నావా అని అడిగాడు. తిన్నానన్నాను. వానకు పద్దు రాయలేదని, ఉన్నదంతా పోయిందని చెప్పాను. ఆయన కందిపప్పు తూస్తూనే విన్నాడు. వానకు పద్దు తన చిట్టాలో కూడా ఎప్పుడూ లేదన్నాడు. నన్ను ఊరడించడానికి అన్నాడో, నిజమే చెప్పాడో గానీ ఆ మాటతో గుండె బరువు కొంచెం దిగింది. అప్పుడు గుర్తొచ్చింది.

"నాయనా, ఆ పొద్దు ఇసుక గురించి ఏమో చెప్పబోతివి."

"నువ్వు చెప్పనిస్తివా" అన్నాడు. అంతకు మించి దెప్పలేదు. పప్పు పొట్లం కట్టి గిరాకీకిచ్చి, అప్పుడు చెప్పాడు. పాతికేళ్ళ కిందట చెనిక్కాయల లారీ వెంట కణేకల్లు పక్క పోయినప్పుడు, హగరి ఏటి ఒడ్డున ఇసుకలో లారీ దిగబడి రెండు రోజులు అక్కడే ఉన్నాడట. గాలికి ఏటి ఇసుక లేచి చేల మీద మేటలు వేసిందని, ఎటు చూసినా దిబ్బలేనని, పచ్చని ఆకు కంటికి కనపడలేదని అన్నాడు. గుమ్మఘట్టలో తిప్పేష్ అని ట్రాక్టరు నడిపే అతనున్నాడని, ఆ దిబ్బల సందులన్నీ ఎరుగునని నంబరు రాసిచ్చాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మా జిల్లాలో ఇసుకను పెట్టుకుని సముద్రం దాటిపోయాం మేము. ఆ రోజు ఆయన మాట పూర్తి కానిచ్చి ఉంటే ఎంత బాగుండేదో. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

అయితే ఇక్కడి ఇసుకను అక్కడిదని చూపించే దొంగపని నాకిష్టం లేదు. మస్కట్ సంఘంలో సుమంత్ అని హిందూపురం అతను డబ్బు వ్యవహారం చూస్తాడు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. దొడ్డి, వాన అక్కడివి, ఇసుక మాత్రం ఇక్కడిది అవుతుంది, సమ్మతమేనా అని. సుమంత్ ఇసుక ఎక్కడిదైనా మనిషి ఎండలో నడిచినట్టు కనిపిస్తే చాలునన్నాడు. కానీ ముప్పై ఒకటో తేదీ దాటితే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. నాకు అంతే కావాలి.

రెండు రోజులు తీశాం. బస్సులో రాయదుర్గం, అక్కణ్ణుంచి తిప్పేష్ ట్రాక్టరు. కిరణ్ చేయాల్సిందల్లా దూరాన ఉన్న తుమ్మచెట్లూ కరెంటు స్తంభాలూ కెమెరాలో పడకుండా చూసుకోవడమే. మిట్టమధ్యాహ్నం ఇసుక ఎంత కాలిందంటే ఈరన్న ఒక్కొక్క అడుగు ఎత్తి ఎత్తి వేశాడు. నటన కాదది. దిబ్బ మీద నిలబడి చుట్టూ చూసి, ఆడికీ ఈడికీ తేడా ఏమీ లేదని, ఆడ జీతమిస్తారంతే అని అన్నాడు. ఆ మాట సినిమాలో పెట్టుకోలేదు గానీ నేను మరిచిపోలేదు.

అయిపోయాక తిప్పేష్‌ను స్థలానికి బాడిగ ఎంతివ్వాలని అడిగాను. మేం నిలబడిన దిబ్బ కింద ఉన్నది అతని చేనేనని అప్పటిదాకా నాకు తెలియదు.

"బాడిగేమొద్దులేమ్మా. పోయేటప్పుడు ఈ ఇసుక గూడా ఎత్తుకోని పోండి, నాలుగెకరాలు బయటపడతాది."

నేను ట్రాక్టరు కూలికి ఐదు వందలు ఎక్కువ కలిపి ఇచ్చాను. దాన్ని ఏ పద్దులో రాయాలో తెలియక తరుగులో రాశాను.

మొత్తం ఖర్చు తొమ్మిది వేల నాలుగు వందలు. మిగిలినదాంట్లో మూడు వేలు చెన్నమ్మకు పంపాను. సినిమాలో ఆమె గొంతుంది కాబట్టి ఆమె కూడా నటే. మాట్లాడినందుకు దుడ్లేందని ఆమె ఈరన్నను నాలుగు సార్లు అడిగిందట.

మే ఇరవై తొమ్మిదిన సినిమా పంపాం. జూన్ మూడున అంగట్లో బెల్లం లెక్క చూస్తుంటే ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆరు లక్షలు. సున్నాలు మూడుసార్లు లెక్కపెట్టాను. బెల్లం బుట్ట మీదే కూర్చుండిపోయాను. మా నాయన చూసి కూజాలో నీళ్ళు వంచి ఇచ్చాడు. అంత చల్లటి నీళ్ళు నేను ఎప్పుడూ తాగలేదు. వాళ్ళ వార్షికోత్సవంలో చెన్నమ్మ మాట దగ్గర జనం లేచి నిలబడ్డారని తరువాత సుమంత్ చెప్పాడు. సంతోషమే. కానీ నాకు ఆ మెసేజే పెద్ద సన్మానం.

మరుసటి రోజు బ్యాంకులో డబ్బు తీసి శింగనమల పోయి లెక్క కాగితంతో సహా మొత్తం నారాయణ చిన్నాయనకు అప్పజెప్పాను. ఆయన వేళ్ళు నోట్ల మీద కాకుండా కాగితం మీద ఆగాయి. ఎర్ర పెన్నుతో కొట్టేసిన పద్దును చూపించి ఇదేమని అడిగాడు. దాచకుండా చెప్పాను. నా సున్నా వల్ల మీ తోట పోయేదే చిన్నాయనా అని. ఆయన తిట్టలేదు. తోటలోకి తీసుకుపోయి చెట్లు చూపించాడు. ఆకులు ముడుచుకుని ఉన్నాయి గానీ పచ్చగానే ఉన్నాయి. తొమ్మిది చెట్లు పోయాయి, తక్కినవన్నీ నిలబడ్డాయి.

అక్కడే గట్టు మీద కూర్చుని బోరు ఖర్చు కూడా నన్నే రాయమన్నాడు. బోరు వేసే రిగ్గు లారీకి అడుగుకింత, కేసింగ్ పైపుకు, రిగ్గు వాళ్ళ తిండికి, మోటారుకు, అన్నిటికీ తరుగు. రాయడం అయ్యాక పెన్ను ఎత్తబోయి ఆగాను. చివర ఇంకొక వరుస రాశాను. వాన పడి రిగ్గు లారీ బురదలో దిగబడితే లాగే ట్రాక్టరుకు రెండు వేలు.

ఆయన ఆ వరుస మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఈ రెండు వేలు ఖర్చయితే నాయంత అదృష్టవంతుడు ఉండడు పాపా" అన్నాడు.

రిగ్గు పదకొండో తేదీ వచ్చింది. ఆరు వందల ఎనభై అడుగుల దగ్గర ఒకటిన్నర అంగుళం నీళ్ళు పడ్డాయి. గొప్ప బోరేమీ కాదు, మూడెకరాలకు చాలు. సాయంత్రం శ్రీకాంత్ ఆ మాట చెబితే మా నాయన దేవుని పటం ముందు అగరుబత్తి వెలిగించాడు.

మరుసటి రోజు పొద్దున, అంగడి తలుపులు తీస్తుంటే ఫోన్ మోగింది. నారాయణ చిన్నాయన. వెనకాల ఏదో ఇంజను గట్టిగా మూలుగుతోంది, ఎవరో లాగండి లాగండి అని కేకలేస్తున్నారు.

"పాపా, ఆ రెండు వేలు ఖర్చయినాయి, రాసుకో" అన్నాడు.